తిరుగుడు పన్ను

రోడ్డును తిన్నది మీరు. మీరే, కాశీవిశ్వనాథం గారూ, మీరూ మీ రోడ్డు సంఘమూ. కొండకు మందుపెట్టి పేల్చి, ఆ బండలను లారీలకెత్తించి, మీ మేడలకు పాలరాయి మోయించి, షూటింగు జనరేటర్ వ్యాన్లను ఎక్కించి దించి, తారును పిండి చేసింది మీరు. పన్ను మాత్రం నర్సింహ ఆటో మీద పడింది. ఆ ఆటో ఇవాళ మీ గేటు పక్కన గొలుసుతో కట్టేసి ఉంది. దొంగమేత మేసిన గొడ్డును కూడా ఇంత గట్టిగా కట్టరు.

తెలియనివాళ్ళకు మొదటి నుంచీ చెప్తాను.

ఫిల్మ్ నగర్ ఎక్కే కొండ రోడ్డు ఈ ఎనభై తొమ్మిది వానాకాలానికి రోడ్డు కాకుండా పోయింది. గుంతలో ఆటో ముందు చక్రం పడితే వెనక కూర్చున్న మనిషి నెత్తి టాపుకు తగిలేది. ఒక హీరోయిన్‌ను కన్న అమ్మగారికి నడుం పట్టేసింది. మా నడుములు అంతకు రెండేళ్ళ ముందే పట్టేశాయి గానీ అవి లెక్కలోకి రావు. ఆ అమ్మగారి నడుం కోసం కొండ మీద మీటింగ్ పెట్టారు. నిర్మాత కాశీవిశ్వనాథం అధ్యక్షుడు. ఇంజినీరుగా రిటైరైన సత్యనారాయణమూర్తి కార్యదర్శి. సంఘం పుట్టింది.

మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదట. కాబట్టి రోడ్డు వాడేవాళ్ళే రోడ్డు వేసుకోవాలట. ఎవరెంత వాడితే అంత. నెల మొదట్లో ప్రతి బండి కిలోమీటర్ల మీటరు చూస్తారు, నెలాఖరున మళ్ళీ చూస్తారు, మధ్యలో తిరిగిన దూరానికి చందా వసూలు చేస్తారు. కట్టని బండి కొండ ఎక్కకుండా రోడ్డు కింద మొదట్లోనే గేటు పెడతారు.

ఇది మాకు చెప్పడానికి సత్యనారాయణమూర్తి గొడుగు వేసుకుని కొండ కింద మా ఆటో అడ్డాకు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. తను చెప్పేది తనే నమ్మే రకం. చెడ్డవాళ్ళకు బాగా పనికొచ్చేది అలాంటివాళ్ళే.

"చూడండయ్యా, ఇది చాలా సైంటిఫిక్. ఇంట్లో నిలబెట్టిన కారుకూ, రోజంతా తిరిగే కారుకూ ఒకే పన్నేంటి? తిరిగినవాడు కడతాడు, తిరగనివాడు కట్టడు. మీకేమన్నా అభ్యంతరమా, ఓదెలు గారూ?"

ఆ అడ్డా యూనియన్‌కు నేను పెద్దని. గారూ అన్నాడు కదా అని వదిలేస్తానా?

"తిరిగినోడు ఎవడు సార్? కొండ మీది శకుంతలమ్మగారి కోడలికి సరుకులు తేవాలంటే నేను యూసుఫ్‌గూడ పోయొస్త. తిరిగింది నేనా, ఆమెనా?"

"మీటరు ఎవరి బండికి తిరిగితే వాళ్ళు."

"మేం కోఠి పోతం, సికింద్రాబాద్ పోతం. గాడ తిరిగింది గూడ మీ కొండ లెక్కలకే వస్తదా?"

"అంత డీప్‌గా వెళ్ళలేమండి. మొత్తం మీద యావరేజ్‌గా చూసుకోవాలి."

"మరి బరువు? నా ఆటోను ఇద్దరు లేపుతరు. ఆ జనరేటర్ వ్యాన్‌ను ఇరవై మంది గూడ కదపలేరు. రెండూ ఒక కిలోమీటర్ తిరిగితే ఒకటేనా?"

ఆయన గొడుగు ఇటు నుంచి అటు మార్చాడు. "జనరేటర్ వ్యాన్లు సినిమా పరిశ్రమ వాహనాలు. వాటికి మినహాయింపు ఇచ్చారు."

"ఎవరిచ్చిన్రు?"

"పరిశ్రమవాళ్ళే."

అడ్డా అంతా నవ్వింది. ఆ రోజే దానికి తిరుగుడు పన్ను అని పేరు పడింది. వాళ్ళ కాగితాల మీద రోడ్డు అభివృద్ధి చందా అని ఉండేది. మేముండే రహమత్ నగర్ సందుల్లో ఆడవాళ్ళు కూడా తిరుగుడు పన్నే అన్నారు. "నీ మొగనికి తిరుగుడు పన్ను పడ్డదటనే?" అని ఒకరినొకరు ఎక్కిరించుకున్నారు. మొగవాళ్ళు నిజంగా ఎక్కడ తిరిగారో మీటరు చెప్పేస్తుందని నవ్వులు.

నిజం చెప్పాలంటే, మాటగా చూస్తే అందులో తప్పులేదు. రోడ్డును ఎక్కువ అరగదీసినవాడు ఎక్కువ ఇవ్వాలి. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ మాట ఎవరి నోట్లో ఉందో చూడాలి. మీటరు ఎవరి చేతిలో ఉందో చూడాలి. సంఘంవాళ్ళు గేటు పక్కన నల్లబోర్డు ఒకటి పాతారు. ఎవరి బండి ఎంత తిరిగిందో అందరికీ కనబడేలా సుద్దతో రాస్తారట. దాపరికం లేదని చెప్పుకోవడానికి. ఆ బోర్డే వాళ్ళ కొంప ముంచుతుందని అప్పుడు వాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు.

ఇక నర్సింహ సంగతి. నా కన్నా చిన్నవాడు, మాట తక్కువ మనిషి. భార్య మల్లమ్మ కొండ మీద బంగళాల్లో అంట్లు తోముతుంది. ఆటో సొంతానిది. అద్దె బండి తోలి తోలి, మల్లమ్మ మెడలోది అమ్మి, పోయిన దసరాకే తెచ్చుకున్నాడు. వెనక రేకు మీద "మల్లమ్మ దీవెన" అని రాయించుకున్నాడు. ఎవరైనా నవ్వితే, "అవును, ఆమె దీవెనే, ఇంకెవనిది?" అనేవాడు.

కాశీవిశ్వనాథం సినిమాలో హీరో ఆటో డ్రైవరు. విలన్లను తరమాలి. రోడ్డు మీద తీద్దామంటే గుంతలు. కెమెరా వణుకుతోందట! చూశారా, కెమెరా వణికితే షాటు పాడవుతుంది, మనిషి వణికితే ఏమీ కాదు. అందుకని స్టూడియో ఫ్లోర్‌లోనే తీద్దామన్నారు. వెనక తెర మీద ట్యాంక్ బండ్ పరుగెత్తుతుంటే ముందు ఆటో నిలబడి ఊగుతుంది. ఆటో కావాలని అడ్డాకు వచ్చారు. అడ్డాలో కొత్త బండి నర్సింహదే. తీసుకుపోయారు.

ఆటో ముందు భాగాన్ని జాకీ మీద ఎత్తారు. చక్రం నేలకు తగలదు. ఒక చిన్న మోటారు పెట్టి ఆ చక్రాన్ని తిప్పారు. చక్రం క్లోజప్ కావాలి, స్పీడు ముల్లు క్లోజప్ కూడా కావాలి. నర్సింహ భయపడి, "సార్, మీటరు కేబుల్ తీసేస్త, కిలోమీటర్లు ఉట్టిగ పెరుగుతయి" అన్నాడు.

డైరెక్టర్ కసురుకున్నాడు. "కేబుల్ తీస్తే ముల్లు ఎలా కదులుతుందయ్యా? హీరో కోపం ఆ ముల్లులోనే ఉంది!"

హీరో కోపం మొహంలోకి రాదు కాబట్టి ముల్లులో పెట్టుకున్నారు. ఆ ముల్లు సరిగా వణికే దాకా, హీరో భోజనం చేసి వచ్చే దాకా, లైట్లు మార్చే దాకా ఆ చక్రం తిరుగుతూనే ఉంది. షెడ్యూలు అయ్యేదాకా రోజూ అదే. ఒక్క అంగుళం కదలకుండా నర్సింహ ఆటో కన్యాకుమారి దాకా పోయి వచ్చింది.

ఫ్లోర్ వెనక రేకుల షెడ్డు ఉంది. అక్కడికి నర్సింహ బీడీ తాగడానికి పోయాడు. కాశీవిశ్వనాథం గారి తెల్ల కాంటెసా కారు అక్కడ ఉంది. దాని వెనక భాగం జాకీ మీద లేచి ఉంది. వెనక చక్రాలు గాలిలో గిర్రున తిరుగుతున్నాయి. ముందుకు కాదు, వెనక్కి. డ్రైవరు వీరరాఘవయ్య డోరు తెరిచి పెట్టుకుని, కాళ్ళు బయటికి చాపి, పేపరు చదువుకుంటున్నాడు.

"ఏందన్నా ఇది?" అన్నాడు నర్సింహ.

"రివర్స్ గేరు," అన్నాడు వీరరాఘవయ్య తల ఎత్తకుండా. "బాబుగారు నెలంతా తిరిగిందంతా వెనక్కి తిప్పేస్తున్నా. ఈ బండికి అలా తిప్పితే మీటరు తగ్గుద్ది. ఎవరికీ చెప్పకేం. నువ్వు ముందుకు పోతున్నావ్, నేను వెనక్కి పోతున్నా. ఇద్దరం ఇక్కడే ఉన్నాం. సినిమా అంటే ఇదేరా."

నర్సింహ ఆ సాయంత్రం అడ్డాకు వచ్చి ఈ మాట చెప్తే మేం కడుపుబ్బ నవ్వాం. నవ్వి ఊరుకున్నాం. ఆ నవ్వు మా మెడకు చుట్టుకుంటుందని అనుకోలేదు.

నెలాఖరున సత్యనారాయణమూర్తి మీటర్లు చూశాడు. నర్సింహ ఆటో మీటరు చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. కొండ మీద ఏ బండీ అంత తిరగలేదు. నర్సింహ చేతులు జోడించి జరిగింది చెప్పాడు. "అదంతా రోడ్డు మీద తిరిగింది కాదు సారూ, జాకీ మీద తిరిగింది."

"మీటరు తిరిగిందా లేదా?"

"తిరిగింది సారూ."

"రూల్ మీటరుకే గానీ రోడ్డుకు కాదు నర్సింహా. నేనేం చెయ్యను?"

అంత చందా నర్సింహ కట్టలేడు. ఆటో అమ్మితే కట్టగలడు. ఆటో అమ్మితే మళ్ళీ చందా దేనికి? గేటు కావలివాళ్ళు బండికి గొలుసు వేశారు. సోమవారం పొద్దున లారీ వస్తుంది, దాని మీద ఎక్కించి, పట్టుకున్న బండ్లను పడేసే యార్డుకు పంపుతామన్నారు. యార్డుకు పోయిన బండి తిరిగి రావడం నేను చూడలేదు. సీట్లు పోతాయి, బ్యాటరీ పోతుంది, ఆ తర్వాత బండీ పోతుంది.

నేను ప్రొడక్షన్ ఆఫీసుకు పోయాను. మీ షూటింగ్‌లోనే తిరిగింది, ఆ చందా మీరు కట్టండి అన్నాను. మేనేజరు నన్ను కూర్చోమనలేదు. "కిరాయి ఇచ్చేశాం కదయ్యా. కథ అయిపోయింది."

అయిపోలేదు. గేటు దగ్గరకు తిరిగొచ్చి నల్లబోర్డు చూశాను. పేర్లన్నీ వరసగా ఉన్నాయి. కాశీవిశ్వనాథం గారి కాంటెసా ఎదురుగా అంకె లేదు. "తిరగలేదు" అని రాసి ఉంది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ వీరరాఘవయ్య పేపరులో మునిగి ఎక్కువసేపు తిప్పేశాడు! నెలాఖరు మీటరు నెల మొదటి దాని కంటే తగ్గిపోయింది. బండి పుట్టిన రోజు వైపు ప్రయాణం పెట్టుకుంది. సత్యనారాయణమూర్తికి ఆ లెక్క ఎలా రాయాలో తోచలేదు. తన సైన్సులో మీటరు తగ్గదు. అధ్యక్షుడిని అడిగే ధైర్యం లేదు. తిరగలేదు అని రాసి చేతులు దులుపుకున్నాడు.

సినిమావాళ్ళ సంగతి మాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. రోజూ మా వెనక సీట్లోనే కదా మాట్లాడుకునేది. వాళ్ళు ఒక మనిషి ఎలా ఉన్నాడో అతని కారును బట్టి చెప్పేస్తారు. ఫలానా ఆయన కారు తిరగడం లేదు అంటే జ్వరం వచ్చిందని కాదు. చేతిలో పిక్చర్ లేదు, ఫైనాన్స్ ఆగిపోయింది, మనిషి అయిపోయాడు అని. ఆ మాట పడిందంటే మర్నాటి నుంచి నమస్కారం పెట్టేవాడు కూడా ఉండడు.

నేను ఆ బోర్డు పక్కనే నిలబడ్డాను. కొండ ఎక్కే ప్రతి మేనేజరుకూ, మేకప్‌మన్‌కూ, కథ పట్టుకుని తిరిగే ప్రతి రచయితకూ ఒకటే మాట చెప్పాను. "పాపం, కాశీవిశ్వనాథం సార్ బండి తిరుగుత లేదట." అబద్ధమా? వాళ్ళ బోర్డు మీద వాళ్ళ సుద్దతో వాళ్ళు రాసుకున్నదే చదివాను.

"అవునా? పోయిన వారమే షూటింగ్ జరిగిందిగా?"

"నాకేమెరుక సార్. గీడ రాసిండ్రు చూడండి."

శనివారానికి కొండంతా పాకింది. ఫైనాన్స్ ఇచ్చేవాళ్ళు మద్రాసు నుంచి ఫోన్లు చేశారట. నడుం పట్టేసిన ఆ హీరోయిన్ అమ్మగారు తమ అమ్మాయి డేట్లు వేరేవాళ్ళకు ఇచ్చేద్దామా అని అడిగించిందట. వీరరాఘవయ్య అడ్డాకు వచ్చి టీ తాగుతూ, "బాబుగారు రాత్రి అన్నం తినలేదు. టీవీ రిమోట్ పగలగొట్టారు" అన్నాడు. నాకు జాలి కలగలేదు. నర్సింహ ఇంట్లో నాలుగు రోజులుగా ఎవరూ సరిగా తినడం లేదు. పగలగొట్టడానికి వాళ్ళకు రిమోట్ కూడా లేదు.

ఇవాళ ఆదివారం. పొద్దున సంఘం మీటింగ్. యూనియన్ తరఫున మమ్మల్ని లోపలికి రానిచ్చారు, కూర్చోవడానికి మాత్రం ఏమీ ఇవ్వలేదు. గోడకు ఆనుకుని నేను, నర్సింహ, మల్లమ్మ నిలబడ్డాం. కాశీవిశ్వనాథం గారు వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. మొహం మాత్రం ఎర్రగా ఉంది. ఆటో గురించి అడగనివ్వలేదు. కూర్చోలేదు కూడా.

"ఎవడండీ నాకు పనిలేదని పుకారు పుట్టించింది? ఆఁ? నేను తిరగడం లేదా? ఈ నెలలో నేను తిరిగినంత ఈ కొండ మీద ఎవడన్నా తిరిగాడా? రెండుసార్లు మద్రాసు వెళ్ళొచ్చాను, కార్లోనే! రాజమండ్రి వెళ్ళి లొకేషన్లు చూసొచ్చాను. అటునుంచి అటే అరకు వెళ్ళాను. నాకు పనిలేదా!"

కుర్చీల్లో ఉన్న నిర్మాతలంతా తల ఊపారు. అయ్యో, మీకు పనిలేకపోవడమేంటండీ అన్నారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

మల్లమ్మ గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. నేనేమీ చెప్పి తీసుకురాలేదు ఆమెను. "ఎట్ల పోయిండ్రు సారూ?" అంది.

"ఎట్లా ఏంటమ్మా? నా కార్లో!"

"గా తెల్ల కారులనేనా?"

"మరి ఎడ్లబండి మీదా?"

హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వులు ఆగే దాకా మల్లమ్మ ఆగింది.

"గట్లనా. మరి గేటు కాడ తిరగలేదని రాసుకున్నరేంది సారూ? గంత దూరం పోయొస్తిరి. మీటరు ఇంట్లనే పెట్టి పోయిండ్రా?"

అప్పుడు చూడాలి ఆ హాలును. కాశీవిశ్వనాథం గారు సత్యనారాయణమూర్తి వైపు చూశారు. సత్యనారాయణమూర్తి తన చేతుల వైపు చూసుకున్నాడు.

"సార్... రీడింగు నెల మొదటి దాని కంటే తగ్గిందండి. ఎలా తగ్గిందో నాకు..."

"మీటరు చెడిపోయి ఉంటుంది."

"చెడిపోలేదు సారూ," అన్నాడు నర్సింహ. నాలుగు రోజుల్లో వాడు గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "నేను చూసిన. మీ షెడ్డుల జాకీ మీద ఎనక్కి తిరిగింది. అదే టైముకు అవతల నా బండి జాకీ మీద ముందుకు తిరిగింది. రెండు గూడ మీ కొరకే తిరిగినయి."

కాశీవిశ్వనాథం గారు తేరుకున్నారు. అలాంటివాళ్ళు త్వరగా తేరుకుంటారు. నా వైపు వేలు చూపించారు. "మీటర్ల గురించి మాట్లాడేది మీరా? హైదరాబాదు ఆటోవాళ్ళా? బండి ఎక్కకముందే మీటరు పరిగెత్తించేది మీరు కాదూ?"

"అవును సార్, పరిగెత్తించినోళ్ళం ఉన్నం," అన్నాను. "మాలో గూడ దొంగలున్నరు. కానీ మేం ముందుకే తిప్పుతం. ఎనక్కి తిప్పుడు మాకు రాదు. దానికి మీ అంత చదువు కావాలె."

వెనక వరసలో ఎవరో నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. సత్యనారాయణమూర్తి లేచాడు. "చైర్మన్ గారూ, నర్సింహ బండి వదిలేద్దామండి. మీ కారు రీడింగు మళ్ళీ తీసుకుందాం. లేకపోతే ఈ పద్ధతికి అర్థం లేదు."

"నా కారు విషయం అజెండాలో లేదు."

"అయితే గొలుసు తాళంచెవి ఇవ్వండి."

"ఆటో విషయంలో రూల్ రూలే. మీటింగ్ ముగిసింది. టిఫిన్లు ఉన్నాయి, అందరూ తిని వెళ్ళండి."

తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. చొక్కా పల్చన, జేబులోంచి కనబడుతూనే ఉంది. పెద్దమనుషులంతా ప్లేట్లు పట్టుకుని ఇడ్లీల వైపు నడిచారు. ఒక్కడూ అడగలేదు. సత్యనారాయణమూర్తి మాత్రం తినకుండా మాతో పాటు బయటికి వచ్చి, గేటు దగ్గర ఆగి, చేతిగుడ్డతో బోర్డు మీద "తిరగలేదు" అన్న మాట తుడిచేశాడు. ఆ జాగాలో ఏమీ రాయలేదు. రాసి ఉంటే బాగుండేది. ఆయనకు అంతే చేతనైంది. గొడుగు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు సాయంత్రం. ఇది ఆటో పక్కన కూర్చుని రాస్తున్నాను. మల్లమ్మ బండి వెనక సీట్లో కూర్చుంది, దిగనంటోంది. రేపు లారీ వస్తే తనను కూడా ఎక్కించాలంటోంది. నర్సింహ గొలుసు పట్టుకుని ఊరికే చూస్తున్నాడు. అడ్డా ఆటోలన్నీ రోడ్డుకు అడ్డంగా పెట్టాం. కొండ మీదికి పాల వ్యాను కూడా పోదు. మల్లమ్మ ఒక్కతే కాదు, రేపటి నుంచి రహమత్ నగర్ నుంచి అంట్లు తోమడానికి ఒక్క మనిషి కూడా ఎక్కదు. ఇంతకాలం మీ కోసం మేం తిరిగాం, ఇక తిరగం. తిరిగే అలవాటున్నవాళ్ళు తిరగబడితే ఎలా ఉంటుందో కొంచెం చూడండి.

కాశీవిశ్వనాథం గారూ, రోడ్డుకు డబ్బు కావాలంటే ఇస్తాం. జనరేటర్ వ్యాన్లను మాతో పాటు వరసలో నిలబెట్టండి. బరువు తూచండి. ఎవరి పని మీద తిరిగిందో ఆ ఇంటి వాకిట్లో లెక్క రాయండి. మీ కాంటెసాను జాకీ మీద నుంచి దించి, మద్రాసు రెండుసార్లు, రాజమండ్రి, అరకు, మీ నోటితో మీరు చెప్పిన దూరమంతా ఆ బోర్డు మీద మీ చేత్తో రాయండి. ఇవన్నీ రేపు చేద్దురు గాని. ముందు ఇప్పుడే, చీకటి పడకముందే కొండ దిగి రండి. డ్రైవరును పంపొద్దు, మీరే నడిచి రండి. జేబులో ఉన్న ఆ తాళంచెవి నర్సింహ చేతిలో పెట్టండి.